నాలుగు పచ్చి గుడ్లు

ఆ తెల్లవారుజామున తాగిన నాలుగో గుడ్డు పెంకుకు సన్నటి చీలిక ఉంది. అట్టలో అడుగు వరుసలోని గుడ్డు అది. పక్క గుడ్డు పగిలి కారిన సొన దాని మీద ఎండిపోయింది. ఆ సొనలోనే ఒక చిన్న ఈక అతుక్కుపోయి ఉంది. తడి గుడ్డతో తుడిచి, గ్లాసు అంచుకు కొట్టి పాలలో వేశాను. చెంచాతో గిలక్కొట్టి, ఊపిరి బిగబట్టి తాగేశాను. ఐదున్నరకల్లా మైదానంలో ఉండాలన్న తొందరే తప్ప మరో ఆలోచన రాలేదు.

అది 2022 నవంబర్. తెలంగాణ కానిస్టేబుల్ ప్రాథమిక పరీక్ష గట్టెక్కి, దేహదారుఢ్య పరీక్షలకు సిద్ధమవుతున్నాం. హనుమకొండలో ఒక అద్దె గదిలో ముగ్గురం ఉండేవాళ్లం. 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి. 4 మీటర్లు దూకాలి. 7.26 కిలోల ఇనుప గుండును 6 మీటర్లు విసరాలి. పరుగు నాకు ఎప్పుడూ కష్టం కాలేదు, గుండు దగ్గరే భయం. భుజాల్లో బలం చాలేది కాదు.

మైదానంలో మాకు మెళకువలు నేర్పే అన్న ఒకరు ఉండేవారు. డబ్బు తీసుకోకుండా పొద్దున్నే వచ్చి నేర్పేవారు. "గుడ్డు పచ్చిగా తాగితేనే కండ పడుతుంది తమ్ముడూ, ఉడికిస్తే సారమంతా పోతుంది" అన్నారు. మా తాత కూడా అదే మాట అనేవాడు. ఆయన ఊళ్లో కుస్తీ పట్టినవాడు. నాటుకోడి గుడ్డు కొట్టి నోట్లో వేసుకోవడం చిన్నప్పుడు నేను కళ్లారా చూశాను. తాత చెప్పి, అన్న చెప్పాక ఇక సందేహం ఎందుకు వస్తుంది? రోజుకు నాలుగు చొప్పున మూడు వారాలు తాగాను. నా గదిలోని ఇద్దరూ వాసన పడక ఉడకబెట్టుకునే తిన్నారు.

ఆ చీలిక గుడ్డు తాగిన మరుసటి రోజు సాయంత్రం చలి మొదలైంది. దుప్పటి మీద దుప్పటి కప్పుకున్నా పళ్లు టకటకలాడాయి. రాత్రికి కడుపులో ఎవరో పేగులు పట్టి మెలిపెడుతున్నట్టు నొప్పి, వాంతులు, విరేచనాలు. తెల్లవారేలోపు పన్నెండుసార్లు లేచాను, ఆ తర్వాత లెక్క తప్పింది. వీధి చివర క్లినిక్‌లో రక్తపరీక్ష చేసి టైఫాయిడ్ అన్నారు. ఒక సూది, ఒక సెలైన్ సీసా, గుప్పెడు మాత్రలు. ఏం తిన్నావని ఎవరూ అడగలేదు. మూడో రోజు స్నానాల గది గుమ్మంలో కళ్లు తిరిగి పడిపోయాను. గదిలోని మిత్రులు ఆటోలో వేసుకుని పెద్దాసుపత్రికి తీసుకువెళ్లారు. నాలుక అట్టలా ఎండిపోయింది. చేతి మీద చర్మం గిల్లి వదిలితే ముడత అలాగే నిలబడిపోయింది. అది చూసి మా అమ్మ ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

అక్కడి డాక్టరమ్మ మొదట అడిగిన ప్రశ్న, "బాబూ, నాలుగు రోజుల నుంచి ఏమేం తిన్నావు?" గుడ్ల సంగతి చెప్పగానే మలపరీక్ష రాశారు. అందులో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి బయటపడింది. టైఫాయిడ్ తెచ్చేది కూడా ఆ జాతిదే, కానీ నా పేగుల్లో చేరింది వేరే రకం. టైఫాయిడ్ మనిషి నుంచి మనిషికి కలుషితమైన నీళ్ల ద్వారా, తిండి ద్వారా వస్తుందని, ఇది ఎక్కువగా కోళ్లూ పశువుల నుంచి వస్తుందని ఆమె చెప్పారు. మామూలుగా ఆరోగ్యవంతులకు నాలుగు నుంచి ఏడు రోజుల్లో దానంతట అదే తగ్గుతుందట. యాంటీబయాటిక్ చాలామందికి అవసరమే ఉండదట. నాకు జ్వరం దిగకపోవడంతో వాడాల్సి వచ్చింది.

కానీ నన్ను నిలబెట్టింది ఓఆర్ఎస్ నీళ్లే అని నేను నమ్ముతాను. లీటరు నీళ్లలో ఒక ప్యాకెట్ కలిపి, అమ్మ చెంచాతో రాత్రంతా పట్టించింది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో కిక్కిరిసిన బనగావ్ శిబిరంలో కలరా ప్రబలినప్పుడు, సెలైన్ అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ఉప్పు, చక్కెర నీళ్లు తాగించే ఎంతోమందిని బతికించారని తర్వాత చదివాను. ఆ మనిషికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

ఐదో రోజు నన్ను ఇంటికి పంపుతూ డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుని చెప్పిన మాటలు నాకు జ్వరం కంటే ఎక్కువ గుర్తున్నాయి. "పచ్చిగా తాగితే బలం ఎక్కువని ఎవరు చెప్పారు నీకు? సగం నీ ఒంటికి పట్టనే లేదు" అన్నారు. 1998లో బెల్జియంలో చేసిన ఒక పరిశోధన గురించి వివరించారు. శస్త్రచికిత్స చేసి చిన్నపేగు చివరను పొట్ట మీదికి తెరిచి ఉంచిన ఐదుగురికి పచ్చి గుడ్డు ఒకసారి, వండిన గుడ్డు ఒకసారి ఇచ్చి, అరగకుండా బయటికి వచ్చిందెంతో కొలిచారట. వండిన గుడ్డులోని మాంసకృత్తులు దాదాపు 91 శాతం అరిగాయి. పచ్చి గుడ్డులోనివి 51 శాతమే. వేడి తగిలితే ముడుచుకుని ఉన్న మాంసకృత్తులు విప్పుకుంటాయి, అప్పుడు మన జీర్ణరసాలకు పని సులువవుతుంది. పైగా పచ్చి తెల్లసొనలో జీర్ణరసాన్ని అడ్డుకునే పదార్థం ఒకటి ఉంటుంది. బయోటిన్ అనే విటమిన్‌ను పట్టుకుని వదలని అవిడిన్ మరొకటి. రెండింటి బలమూ ఉడికిస్తే తగ్గిపోతుంది.

ఇంటికి వెళ్లే బస్సులో లెక్క వేసుకున్నాను. గుడ్డుకు ఆరు గ్రాముల మాంసకృత్తుల చొప్పున నాలుగు గుడ్లలో ఇరవై నాలుగు. అందులో నాకు దక్కింది పన్నెండు. రెండు గుడ్లు ఉడికించి తింటే దాదాపు పదకొండు దక్కుతాయి. ఆ మిగిలిన రెండు గుడ్లు మూడు వారాల పాటు దేనికి తాగినట్టు? కిటికీలోంచి జనగామ పొలాలు వెనక్కి పోతుంటే నాకు దుఃఖం ఆగలేదు.

తప్పంతా ఆ పెంకు చీలికదే అనుకుంటే పొరపాటే. జబ్బున్న కోడి పొట్టలోనే, పెంకు కట్టకముందే సూక్ష్మజీవి గుడ్డులోకి చేరవచ్చు. అప్పుడు పైన ఎంత కడిగినా లాభం లేదు. నాటుకోడికీ ఫారం కోడికీ ఇందులో తేడా లేదు. జపాన్‌లో పచ్చి గుడ్డు తినరా అని మా బావ వాదించాడు. తింటారు. కానీ అక్కడ గుడ్లను కడిగి, పరీక్షించి, ఎప్పటిలోపు పచ్చిగా తినవచ్చో పెంకు మీదో ప్యాకెట్ మీదో వేసి అమ్ముతారు. మా గదిలో అట్ట కిటికీ కింద ఎండ తగిలేచోట వారం రోజులు ఉండేది.

ఇంటి దగ్గర పది రోజులు గంజి, పెరుగన్నం, అరటిపండు. ఐదు కిలోలు తగ్గాను. బావి దాకా నడిస్తే పిక్కలు వణికేవి. గుడ్డు పేరెత్తితే కడుపులో తిప్పేది. ఇరవయ్యో రోజున అమ్మ చిన్న గిన్నెలో ఒకే ఒక గుడ్డు ఉడికించింది. నీళ్లు మరగడం మొదలయ్యాక పొయ్యి దగ్గరే నిలబడి గోడ గడియారం చూస్తూ ఉంది. చన్నీళ్లలో వేసి, పెంకు ఒలిచి, దారంతో రెండుగా కోసింది. పచ్చసొన మధ్యలో తడి లేదు, పసుపు పొడిలా రాలింది. "మిరియాలు చల్లాను, సగం తిను బిడ్డా, చాలు" అంది. సగం తిన్నాను. గంటసేపు అమ్మ నా ముఖం వంకే చూస్తూ కూర్చుంది. ఏమీ కాలేదు. సాయంత్రం మిగతా సగం నేనే అడిగాను.

డిసెంబర్ చివర్లో నా వంతు వచ్చింది. పరుగు 7 నిమిషాల 9 సెకన్లలో ముగించాను. గుండు మూడో ప్రయత్నంలో గీత దాటింది.

దానికి ముందే, తిరిగి మైదానానికి వెళ్లిన మొదటి రోజున అన్నకు అంతా చెప్పాను. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయనకూ ఎవరో పెద్దలు చెప్పిందే మాకు చెప్పారు. కానీ ఆ వరుసలో నిలబడినవాళ్లలో పదిహేనుమందైనా పొద్దున్నే పచ్చి గుడ్లు తాగి వచ్చినవాళ్లే. అన్న చాలాసేపు మాట్లాడలేదు. నా సన్నబడ్డ చేతులు చూశారు. తర్వాత అందర్నీ దగ్గరికి పిలిచి నన్ను మళ్లీ మొదటి నుంచి చెప్పమన్నారు. చెప్పాను.

"మరి ఎంతసేపు ఉడికించాలి?" అని ఆయనే అడిగారు.

"నీళ్లు మరిగాక పది నిమిషాలన్నా" అన్నాను.