‘అండి’ లేని భాషలో

పోయిన నెల మా డయాలసిస్ యూనిట్ సిస్టర్ నన్ను పక్క గదిలోకి పిలిచింది. మన దగ్గర నర్సులందరూ సిస్టర్లే గానీ, ఇంగ్లండులో సిస్టరంటే ఇన్‌చార్జి. ఒక పెద్దావిడ నా మీద ఫిర్యాదు చేసిందట. ‘ఆ అమ్మాయి నా మీద పెత్తనం చేస్తోంది. కూర్చో, చెయ్యి చాపు, కదలకు అంటుంది’ అని. రెండు రాత్రులు నాకు నిద్ర లేదు.

నేనన్నది ఆ మాటలే. కానీ నా లోపల అనుకున్నది కూర్చోండి, చెయ్యి చాపండి, కదలకండి అని. ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఆ ‘అండి’ రాలిపోయింది. మన మర్యాద క్రియకే అంటుకుని ఉంటుంది. వాళ్లది ప్లీజ్ అనో, కుడ్ యూ అనో విడిగా తెచ్చిపెట్టాలి. ఇక్కడ నర్సుగా చేరడానికి రాసే ఓస్కీ అనే ప్రాక్టికల్ పరీక్షకు ప్రతి పనికీ ముందు అనుమతి అడగడం కంఠతా పట్టినదాన్నే. పొద్దున్నే నలుగురికి సూదులు పెట్టాల్సిన హడావిడిలో మాత్రం నోట్లోంచి మనింటి వాక్యమే వస్తుంది.

మాది కవిటి దగ్గర ఊరు. ఉద్దానంలో కిడ్నీ జబ్బుల సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఇక్కడికి రాకముందు శ్రీకాకుళంలో నాలుగేళ్లు డయాలసిస్‌లోనే చేశాను. సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు నుంచి రోగులు తెల్లవారకుండానే బస్సెక్కి వచ్చేవారు. వచ్చిన ప్రతిసారీ నాలుగు గంటలు మంచం మీదే. వాళ్లలో ఒక్కరినీ నేను పేరు పెట్టి పిలవలేదు. ‘తాతా, చెయ్యి ఇలాగియ్యి.’ ‘మామ్మా, నీళ్లు ఎంత తాగావు, నిజం చెప్పు.’ వరస కలిపాక అక్కడ ‘అండి’ కూడా అక్కర్లేదు. ‘ఓలమ్మ, ఈ గుంట కోప్పడిపోతంది’ అని నవ్వేవారు. సూది తీశాక ఫిస్టులా మీద, అంటే డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలు కలిపిన చోట, గాజుగుడ్డ అదిమిపెట్టి పది నిమిషాలు పట్టుకునేదాన్ని. ఆ పది నిమిషాల్లో జీడిపిక్కల ధర, మనవరాలి పెళ్లి, కొబ్బరితోట తగువు అన్నీ నా చెవిన పడేవి. కసిరినా సరే, నేను వాళ్ల మనిషినే.

ఈ దేశంలో ముసలామెను మామ్మా అనడానికి లేదు. ఏమని పిలవాలో ఆవిడనే అడగాలి. అది మంచి పద్ధతేనని ఇప్పుడు ఒప్పుకుంటాను. మనం అడగం, వయసు చూసి వరస మనమే పెట్టేస్తాం. కానీ ప్లీజ్ అంటూనే రోగి మొహం చూడకుండా వెళ్లిపోయే వాళ్లను కూడా చూశాను. వాళ్ల మీద ఫిర్యాదు రాదు. అక్కడే నాకు కడుపు మండుతుంది.

కల్చరల్ కాంపిటెన్స్ అని మాకొక ట్రైనింగ్ ఉంది. ఎవరు ఏం తినరు, ఎవరు ఎప్పుడు ఉపవాసం అని చెబుతారు. అన్నీ రోగి సంగతులే. నర్సుకీ ఒక ఊరు, ఒక భాష ఉంటాయని అందులో లేదు. ఆ మాట అన్నది న్యూజిలాండ్‌లో ఇరిహపేటి రామ్స్‌డెన్ అనే మావోరీ నర్సు. ఎదుటివాళ్ల ఆచారాల జాబితా చాలదు, నర్సు ముందు తనెక్కడి నుంచి వచ్చిందో చూసుకోవాలి అంది. 1992లో అక్కడి నర్సింగ్ కౌన్సిల్ దీన్ని కల్చరల్ సేఫ్టీ పేరుతో చదువులోనే పెట్టింది. చదువుతుంటే నా పక్షాన ఒక మనిషి దొరికిందనిపించింది. అయితే ఆవిడ ఇంకోటి కూడా చెప్పింది. ఆ సేవ క్షేమంగా ఉందో లేదో చెప్పాల్సింది నర్సు కాదు, అందుకున్న మనిషి. అలా చూస్తే నా మనసులోని ‘అండి’ ఆ పెద్దావిడకు ఎలా వినబడుతుంది? ఆవిడ చెవిన పడింది కూర్చో అన్నదొక్కటే.

ఒప్పుకున్నాను. అయినా బాధ పోలేదు.

ఇక్కడ రిజిస్ట్రేషన్ నిలబడాలంటే మూడేళ్లకోసారి, మన పని గురించి మనమే ఆలోచించుకుని ఐదు అనుభవాలు రాసివ్వాలి. ఇది రాద్దామని కూర్చుని ‘అండి’ దగ్గర ఆగిపోయాను. దానికి ఇంగ్లీషులో ఏం రాయను? అందుకే ముందు మీకు చెబుతున్నాను.

నిన్న ఆవిడ మళ్లీ నా వంతుకే వచ్చింది. సూది తీశాక గాజుగుడ్డ అదిమి పట్టుకున్నాను. పల్చటి చెయ్యి, చల్లగా ఉంది. ఇంకా ఎంతసేపు అంది. మామ్మా అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఇంకో రెండు నిమిషాలు, ప్లీజ్ అన్నాను.