క్రెటా ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఏ ఆయిల్ పోయాలి: నల్లగొండలో నా అనుభవం

మా బండి 2017 హ్యుందాయ్ క్రెటా, 1.6 డీజిల్, ఆటోమేటిక్. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం. లక్ష కిలోమీటర్లకు దగ్గరపడింది, పాత ఓనర్ ఇచ్చిన బిల్లుల్లో ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు అన్నీ ఉన్నాయి గానీ గేర్‌బాక్స్ ఆయిల్ మార్చినట్టు ఎక్కడా లేదు. ఇంట్లో వాళ్ళు శ్రీశైలం ప్రయాణం పెట్టుకున్నారు. దేవరకొండ, డిండి, మన్ననూరు మీదుగా పోతే చివర్లో ఘాట్ ఉంటుంది, నిండా మనుషులతో, సామానుతో ఎక్కాలి. ఆ లోపే ఈ పని చేయించేద్దాం అనుకున్నా.

ముందు మ్యాన్యువల్ తీశాను. మామూలు వాడకం అయితే ఈ ఆయిల్‌ను చూడనక్కర్లేదు, మార్చనక్కర్లేదు అని ఉంటుంది, చాలామంది అక్కడే పుస్తకం మూసేస్తారు. దాని కిందే ‘కఠిన వాడకం’ అని ఇంకో పట్టిక ఉంది, అలాంటి వాడకమైతే ఇదే ఆయిల్ మార్చాలని. కొండ దారులు, దుమ్ము రోడ్లు, 32 డిగ్రీలు దాటిన ఎండలో ట్రాఫిక్. 32 డిగ్రీలట! మా దగ్గర శివరాత్రికే అది దాటిపోతుంది. ఆ లెక్కన నల్లగొండలో తిరిగే బండ్లన్నీ కఠిన వాడకం కిందికే వస్తాయి.

ఏది పోయాలన్న దగ్గరే అసలు టెన్షన్. టౌన్లో ఒక ఆయిల్ షాపులో అడిగితే డెక్స్‌రాన్-3 డబ్బా చేతిలో పెట్టాడు. “ఆటోమేటిక్కే కదన్నా, ఎర్రగుంటది, అన్నిటికీ పడ్తది, అందరికీ ఇదే ఇస్తున్నం” అన్నాడు. ఆ ఎరుపు కలిపిన రంగు మాత్రమే, లీకైతే ఇంజిన్ ఆయిల్ కాదని తెలియడానికి. రంగు చూసి ఆయిల్ కొనకండి. డెక్స్‌రాన్ అనేది అమెరికాలోని జనరల్ మోటార్స్ పెట్టుకున్న ప్రమాణం, అందులో 3 అనేది పాత తరం, 2006లోనే దానికి లైసెన్సులు ఇవ్వడం ఆపేశారు. నా గేర్‌బాక్స్‌కు హ్యుందాయ్ అడిగేది ఎస్‌పీ-4, డబ్బా మీద రోమన్ అంకెల్లో ఉంటుంది. అది ఆ పాత ఆయిల్ కంటే పల్చన.

పల్చన, చిక్కన తేడాతోనే అయిపోతే ఇంత రాయను. ఇంజిన్ ఆయిల్ పని ప్రధానంగా జారనివ్వడం, కానీ ఈ గేర్‌బాక్స్‌లో క్లచ్ ప్లేట్లు ఆయిల్‌లో మునిగే ఉండి, ఆ తడిలోనే ఒకదాన్నొకటి పట్టుకోవాలి, పైగా ఆ ప్లేట్లను నొక్కేది కూడా ఇదే ఆయిల్ ప్రెషర్. ఎంత జారాలి, ఎంత పట్టాలి అన్న కొలతతోనే అందులో రసాయనాలు కలుపుతారు. వేరేది పోస్తే బండి ఆ రోజు ఆగిపోదు, కొన్నాళ్ళకు టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ తిప్పే బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) లాక్ అయ్యే స్పీడులో, రోడ్డుకు అడ్డంగా వేసే గరుకు గీతల మీద పోతున్నట్టు వణకడం మొదలవుతుంది.

చివరికి హ్యుందాయ్ విడిభాగాలు అమ్మే మోబిస్ వాళ్ళ ఎస్‌పీ-4 డబ్బాలే తీసుకున్నా. వేరే కంపెనీలవీ ఉన్నాయి, వెనక ఎస్‌పీ-4 అని స్పష్టంగా ఉంటే వాడొచ్చు. జపాన్, కొరియా, జర్మనీ బండ్ల పేర్లన్నీ వరసగా రాసి ‘సూటబుల్ ఫర్’ అనే మల్టీ వెహికల్ డబ్బాలంటే నాకు మాత్రం నమ్మకం తక్కువ. గేర్‌బాక్స్ రిపేరు ఖర్చు ముందు ఈ డబ్బాల ధర తేడా ఎంత?

మెకానిక్‌ను ఎంచుకోవడానికి ఒకటే ప్రశ్న అడిగాను: “లెవెల్ ఎట్ల చూస్తవన్నా?” ఈ బండికి గేర్‌బాక్స్ ఆయిల్ లెవెల్ చూసే కడ్డీ (డిప్‌స్టిక్) లేదు మరి. “ఎంత తీసినమో అంత పోస్తం” అన్నవాళ్ళను వదిలేశా, ముందే తక్కువ ఉంటే అదే తక్కువ మళ్ళీ పోస్తారు కదా. హైదరాబాద్ ఆటోనగర్ దాకా పోవాల్సి వస్తుందేమో అనుకుంటుంటే మిర్యాలగూడ రోడ్డులో ఒకతను ఆయిల్ వేడి చూపించే స్కానర్ పెట్టి, 50-60 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు లెవెల్ చూస్తానన్నాడు. పొద్దున్నే రమ్మన్నాడు కూడా, ఎండాకాలం మధ్యాహ్నం అయితే ఆ 60 ఇట్టే దాటిపోయి, చల్లారేదాకా కూర్చోవాలట.

లిఫ్ట్ మీద పెట్టి కింద బోల్ట్ తీస్తే వచ్చేది దాదాపు సగమే. మొత్తం ఏడు లీటర్ల పైన పడుతుంది, మిగతాది టార్క్ కన్వర్టర్లో, లోపలి దారుల్లో ఉండిపోతుంది. పాతదంతా బయటికి తోసేలా మెషిన్‌తో ఫ్లష్ చేయించమని కొందరు చెప్పారు, నేను వద్దన్నా. ఒకసారి తీసి పోసి, కొన్నాళ్ళు తిప్పి, మళ్ళీ తీసి పోయించా. వాషర్లు కొత్తవి. పాత ఆయిల్ నల్లగా ఉంది గానీ మాడు వాసన లేదు, ఇనుప రజను కనబడలేదు. తర్వాత ఇంజిన్ ఆన్‌లో ఉంచి లివర్‌ను పీ నుంచి డీ దాకా మెల్లగా తిప్పి, స్కానర్లో వేడి సరిపోయాక పక్కన లెవెల్ బోల్ట్ విప్పాడు. ఎక్కువైంది కారిపోయి సన్నటి ధార అయ్యాక బిగించేశాడు.

తేడా తెలిసిందా అంటే, రెండు నుంచి మూడో గేరుకు కాస్త మెత్తగా మారుతోంది, అంతే. బండి కొత్తదైపోయింది అనేవాళ్ళను నేను నమ్మను.

మా బావమరిదిది 2021 క్రెటా, 1.5 పెట్రోల్. “రెండూ క్రెటాలే కద బావా, మిగిలింది నా దాంట్ల పోద్దాం” అన్నాడు. వాడిది ఐవీటీ, అంటే సీవీటీ. గేర్లకు బదులు పుల్లీల మధ్య బెల్ట్ పట్టు మీద నడుస్తుంది, దానికి సీవీటీ ఫ్లూయిడే పోయాలి. అదే క్రెటాలో అప్పట్లో 1.4 టర్బోకు వచ్చింది డీసీటీ, అంటే రెండు క్లచ్‌ల గేర్‌బాక్స్, దాని ఆయిల్ వేరే. నెక్సాన్ లాంటి వాటిలో ఏఎంటీ, అంటే క్లచ్‌నూ గేర్లనూ యంత్రమే మార్చే మాన్యువల్ గేర్‌బాక్స్ అయితే మాన్యువల్‌లో పోసే గేర్ ఆయిలే. అన్నీ చెప్పాక వాడు తన మ్యాన్యువల్ తెప్పించి పేజీ ఫోటో తీసుకున్నాడు. నా దగ్గర మిగిలిన లీటరు డబ్బా సీల్ తీయకుండా డిక్కీలోనే పెట్టాను.