సోయా వేర్ల మీద బుడిపెలు ఎన్నుండాలో ఎవరు చెప్తారు?

సోయా మొక్కని మట్టితో సహా మెల్లగా పీకి చూడండి, వేర్ల మీద చిన్న చిన్న బుడిపెలుంటాయి, గోటితో చిదిమితే లోపల ఎర్రగా ఉందంటే అక్కడ రైజోబియం బాక్టీరియా గాల్లోని నైట్రోజన్ని మొక్కకి అందిస్తోందన్నమాట. ఊరికే కాదు, బదులుగా మొక్క దానికి తిండి పెట్టాలి. అందుకే బుడిపెలు మితిమీరకుండా మొక్కే చూసుకుంటుంది, నాకు భలే నచ్చేది ఇదే!

బుడిపెలు మొదలవగానే వేరు సీఎల్ఈ అనే బుల్లి పెప్టైడ్లు, అంటే చిన్న ప్రొటీన్ ముక్కలు, తయారుచేసి నీళ్లతోపాటు పైకి పంపుతుంది, ఆకుల్లో ఎన్ఏఆర్‌కే అనే రిసెప్టర్ (కబురు అందుకునే ప్రొటీన్) వాటిని పట్టుకుని ఇక చాలని కిందకి కబురు పెడుతుంది. ఆ రిసెప్టర్ చెడిపోయిన మొక్కలకి వేర్ల నిండా బుడిపెలే, మొక్క మాత్రం సరిగ్గా ఎదగదు పాపం.

నేలలో నైట్రేట్ ఎక్కువున్నా ఇలాంటి పెప్టైడే వేరులోనే బుడిపెల్ని ఆపేస్తుంది, కాబట్టి ఆదిలాబాద్ వైపు సోయా వేసేవాళ్లు విత్తనానికి రైజోబియం కల్చర్ పట్టించాక నేలలో నైట్రేట్‌గా మారే యూరియా ఎక్కువ చల్లకండి.