గుంతకల్లులో బాక్సింగ్ పోటీలు పెట్టించాం

అంతర్ జిల్లా బాక్సింగ్ పోటీలు మా గుంతకల్లులో జరిపిస్తామని అడిగితే, అసోసియేషన్ పెద్దమనిషి ఒకే మాట అన్నారు: "రింగు ఉందా అప్పా?" రింగు లేదు. మాకున్నది రైల్వే జంక్షన్. రాత్రి బండెక్కితే చాలా జిల్లాల జట్లు పొద్దునకు మా ఊళ్లో దిగొచ్చు. వేసవి సెలవులు కాబట్టి బడి గదులన్నీ ఖాళీ, పడుకోవడానికి ఇబ్బంది లేదు. ఈ రెండూ చెప్పి ఒప్పించాం.

పోలీసు, మున్సిపాలిటీ అనుమతులు, తాత్కాలిక కరెంటు కనెక్షన్ తిరిగితే వచ్చేశాయి. కష్టమంతా డాక్టరు దగ్గరే. రింగు పక్కన డాక్టరు కూర్చోనిదే ఒక్క బౌట్ కూడా మొదలుపెట్టరు. సాయంత్రం క్లినిక్ మూసుకుని వచ్చేవాళ్లెవరు? చివరికి ఒక లేడీ డాక్టరు, "అమ్మాయిలు కూడా ఆడుతున్నారా? అయితే నేనొస్తా" అన్నారు. ఆమెకు ఇప్పటికీ రుణపడి ఉన్నాం.

రింగు పక్క జిల్లా నుంచి లారీలో వచ్చింది. తాళ్ల లోపల ప్రతి వైపూ 6.1 మీటర్లు ఉండాలి. మా గ్రౌండేమో ఒక పక్కకు వాలు. మేస్త్రీ లెవెల్ పైపు పట్టి, ఒక్కో కాలు కింద చెక్కలు పెట్టించి సరిచేశాడు. ఫోమ్ పరిచి, కాన్వాస్ లాగి కట్టి, ఎరుపు, నీలం మూలల మెత్తలు బిగించేసరికి గ్రౌండ్ చుట్టూ జనం మూగారు.

అంతలో డబ్బిస్తానన్న ఒక వ్యాపారి వెనక్కి తగ్గాడు. మరుసటి రోజుకే "గుంతకల్లు పోటీలు జరగవంట" అని పుకారు. కోచ్‌ల ఫోన్ల మీద ఫోన్లు. నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది, ఎందుకంటే షెల్బీ కథ నాకు తెలుసు. అమెరికాలో మోంటానా రాష్ట్రంలో అదొక చిన్న ఊరు, మా ఊరిలాగే రైలు మార్గం మీద ఉంది. దగ్గర్లో చమురు పడిందన్న ఉత్సాహంతో, ప్రపంచ హెవీవెయిట్ చాంపియన్ జాక్ డెంప్సీకి 3 లక్షల డాలర్లు ఒప్పుకుని 1923 జులై 4న టామీ గిబ్బన్స్‌తో పోటీ పెట్టింది. 40 వేల మంది కూర్చునేలా చెక్కలతో స్టేడియం కట్టారు. వాయిదాల డబ్బు సర్దలేకపోయారు. పోటీ జరుగుతుందో లేదో తెలియక ప్రత్యేక రైళ్లు రద్దయ్యాయి. టికెట్ కొని చూసినవాళ్లు 7 వేల పైచిలుకే. 15 రౌండ్లు నిలబడిన గిబ్బన్స్‌కు ఫీజు దక్కలేదు, ఆ తర్వాత అక్కడి బ్యాంకులు మూతపడ్డాయి. డబ్బు కొరత కంటే అనుమానమే ఆ ఊరిని ఎక్కువ దెబ్బతీసిందని నా నమ్మకం.

అందుకే మేము మొదట ఆ పుకారు సంగతి చూశాం. బిగించిన రింగు ఫొటోలు, భోజనాల మెనూ, ఏ జట్టుకు ఏ గదో రాసిన కాగితం అన్ని జిల్లాల కోచ్‌లకూ వాట్సాప్‌లో పంపాం. తర్వాత బజారులో అంగడి అంగడికీ తిరిగాం. ఒకాయన బియ్యం ఇచ్చాడు, ఇంకొకాయన షామియానా అద్దె వదులుకున్నాడు. హమాలీలు కూడా తలా కొంత వేసుకుని ఇచ్చారు. ఒక్క జట్టు కూడా ఆగిపోలేదు.

పొద్దున్నే బరువు తూచేదాకా పిల్లలు మంచినీళ్లు కూడా ముట్టలేదు. తూకం అయ్యాక ఉగ్గాని, ఉడకబెట్టిన గుడ్లు పెట్టాం. ఎండకు భయపడి బౌట్లన్నీ సాయంత్రం లైట్ల కింద నడిపాం. అమ్మాయిల ఫైనల్‌కు ఆడవాళ్లు చంటిపిల్లల్ని ఎత్తుకుని వచ్చారు. నిజామాబాద్ నుంచి వెళ్లి 2022లో, 2023లో ప్రపంచ చాంపియన్ అయిన నిఖత్ జరీన్ గురించి మైకులో చెప్తుంటే, వెనక వరుసలో ఒకామె తన కూతుర్ని ముందుకు తోసి "చూడు, బాగా చూడు" అంది.

రింగు లారీ ఎక్కి వెళ్లిపోయింది. లారీ బాడుగ, కరెంటు బిల్లు, వంటవాళ్ల కూలీ అన్నీ కట్టాక మిగిలిన డబ్బుతో గ్లవ్స్, ఒక పంచింగ్ బ్యాగ్ కొన్నాం. సాయంత్రాలు బడి వరండాలో పిల్లలు నేర్చుకుంటున్నారు, వాళ్లలో ఎక్కువమంది అమ్మాయిలే. సొంత రింగు కోసం బ్యాంకులో ఖాతా తెరిచాం. అందులో సరిపడా డబ్బు పడ్డాకే వచ్చే పోటీల తేదీ చెప్తాం.