బావమరిది స్క్రూడ్రైవరు, నా రైఫిల్ నంబరు

మా నాన్నగారి .315 రైఫిల్ మొన్న బాగుపడి ఇంటికొచ్చింది. మిస్త్రీకి పట్టింది ఒక పూట. అది ఆ మిస్త్రీ బల్ల మీదకి చేరడానికి మాత్రం ఎండాకాలమంతా పోయింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. ఆగి రాస్తే మర్యాదగా రాస్తాను, అది ఎవరికీ పనికిరాదు.

మాది పర్లాకిమిడికీ గుణుపురానికీ మధ్య ఒక ఊరు. 1936లో ఒడిశా ఏర్పడి గీత గీసినప్పుడు ఆ వైపు పడ్డాం. ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో ఒడియా, సంతలో రెండూ. కొండ పక్కన జీడితోట, తోటలో ఒంటరి ఇల్లు. ఆ ఇంటి కాపలాకని నాన్నగారు 1978లో ఈ రైఫిల్ కొన్నారు. ఇషాపూర్ ఫ్యాక్టరీ సరుకు. లోపలంతా బ్రిటిష్ సైన్యం వాడిన పాత లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ పద్ధతే, తూటా మాత్రం .315. సైన్యం వాడిన .303 మామూలు జనానికి ఇవ్వరు కాబట్టి ఈ సైజు. వేటకి అనుకునేరు, 1972 వన్యప్రాణి చట్టం వచ్చి వేటని కట్టడి చేసింది.

నాన్నగారు పోయాక లైసెన్సు నా పేరు మీదకి రావడం పెద్ద కష్టమేమీ కాలేదు. 2016 ఆయుధ నియమాల్లో వారసుడికి దారి ఉంది. చెల్లెళ్ల సంతకాలు, శిక్షణ సర్టిఫికెట్, పోలీసు విచారణ, కొత్త లైసెన్సు పుస్తకం. అంతే.

గొడవ 2024 ఎన్నికల తర్వాత మొదలైంది. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులు జమ చేయమంటారు, అందరితోపాటు నేనూ చేశాను. తిరిగి ఇచ్చేసరికి బోల్టు (తూటాని లోపలికి తోసి మూసే కడ్డీ) మీద ఎర్రగా తుప్పు, వెనక కర్ర చెయ్యి వేస్తే చాలు టకటకమని కదులుతోంది. చెక్క ఎండి బిగువు తప్పిందన్నమాట.

మా బావమరిదికి లేతు మిషను ఉంది. వాడికి ఇనుము కనబడితే చేతులు ఊరుకోవు. రైఫిల్ అటూ ఇటూ తిప్పి చూసి, ‘‘ఏటి బావా, ఈపాటి దానికి మిస్త్రీ ఎందుకు? వెనక రేకు తీసి పొడుగు స్క్రూడ్రైవరు దూర్చి కర్రలోని బోల్టు బిగిస్తే అయిపోద్ది’’ అన్నాడు. అక్కడితో ఆగలేదు. దుర్బిణీ బిగించడానికి పైన రెండు కన్నాలు వేస్తానన్నాడు. గొట్టం మూతి అరిగినట్టుంది, జానెడు కోసేస్తే చేతికి తేలిగ్గా కూడా ఉంటుందన్నాడు.

వాడిని తిట్టడానికి కాదు గానీ, చాలామంది ఇళ్లల్లో ఇలాంటివాడు ఒకడు ఉంటాడు కాబట్టి చెబుతున్నాను. 1959 ఆయుధ చట్టంలో సెక్షన్ 5 చూడండి. తుపాకి తయారు చేయడానికే కాదు, మరమ్మతు చేయడానికీ లైసెన్సు ఉండాలి. మీ దగ్గర ఉన్నది ఉంచుకునే లైసెన్సు, రిపేరు చేసే లైసెన్సు కాదు. సెక్షన్ 6 అయితే గొట్టం పొట్టి చేయడం గురించే ఉంది. 2019 సవరణ తర్వాత వీటికి శిక్ష ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా. జానెడు ఇనుము కోసం ఏడేళ్లు! తుడవడం, నూనె రాయడం మన పని. అక్కడితో సరి.

అందుకని మిస్త్రీ కోసం వెతికాను. నాన్నగారి రోజుల్లో అందరూ ఆంధ్రా వైపు పోయేవారు. నా లైసెన్సులో చెల్లుబాటు ప్రాంతం ఒడిశా అని ఉంది. పాతపట్నం మాకు కూతవేటు దూరం, మహేంద్రతనయ దాటితే చాలు. పెళ్లికి పోతాం, పళ్లు పీకించుకోవడానికి పోతాం, రైఫిల్ భుజాన వేసుకుని మాత్రం పోకూడదు. సరే అని ఒడిశాలోనే కోస్తా వైపు ఒక పట్నంలో మరమ్మతు లైసెన్సున్న దుకాణం పట్టుకున్నాను.

దుకాణదారు పెద్దాయన. రైఫిల్ అందుకోగానే కర్ర చూడలేదు, తుప్పు చూడలేదు. గుడ్డకి కిరసనాయిలు రాసి నంబరు ఉన్నచోట రుద్ది, అద్దం పెట్టి చదివాడు. నా పుస్తకం చూశాడు. మళ్లీ చదివాడు. చివరి అంకె తుపాకి మీద 4, పుస్తకంలో 8. ‘‘బాబూ, ఇది నేను ముట్టుకోను. రిజిస్టర్లో ఏ నంబరు రాయమంటారు?’’ అన్నాడు. మా పోలీసు స్టేషనుకి చూపించమని ఒక కాగితం మీద రెండు నంబర్లూ రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. అప్పుడు ఆయన మీద మండిపోయింది గానీ, ఆయుధం మీద నంబరు నిజంగా చదివినవాడు అప్పటిదాకా ఆయనొక్కడే. వారసత్వం అప్పుడు పుస్తకం చూసి పుస్తకం రాశారు. ఎన్నికలప్పుడు పుస్తకం చూసి రసీదు రాశారు. తుపాకి ముఖం ఎవరూ చూడలేదు.

ఆ కాగితం పట్టుకుని స్టేషనుకి నేనే వెళ్లాను. ఏ స్టేషనో చెప్పను. లోపలికి వెళ్లి, నమస్కారం పెట్టి, ‘‘ఆజ్ఞా, చిన్న సవరణ ఉంది’’ అన్నాను. ఆజ్ఞా అంటే ఒడియాలో అయ్యా అని. రాసేవాడు కాగితం చదివి లోపలికి పోయాడు. కాసేపటికి రైఫిల్ నా చేతిలోంచి తీసుకున్నారు, పుస్తకం తీసుకున్నారు, తూటాలు లెక్కపెట్టారు. నన్ను బెంచీ మీద కూర్చోమన్నారు. పక్కన సారా కేసులో పట్టుకొచ్చిన ఇద్దరు. వాళ్లకి టీ ఇచ్చారు, నాకు ఇవ్వలేదు.

లోపలి నుంచి పెద్దాయన వచ్చి అడిగిన మొదటి ప్రశ్న: ‘‘అసలి బంధుక కేఉఁఠి?’’ అసలు తుపాకి ఎక్కడ అని. ఇదే అసలుది అన్నాను. అయితే నంబరు ఎందుకు మారింది? గీకి మార్చావా? నంబరు చెరిపినా, మార్చినా సెక్షన్ 8 కింద నేరం, అలాంటిది దగ్గర ఉంటే, కాదని రుజువయ్యేదాకా ఆ పని మనమే చేశామని అనుకుంటారు. ఆ సంగతి ఆయన నాకు మూడు రకాల గొంతుల్లో చెప్పాడు. నేను గీకితే దాన్ని సంచిలో పెట్టుకుని మీ దగ్గరికే ఎందుకు తెస్తానండీ అంటే, ‘‘తెలివైనవాళ్లు అలాగే తెస్తారు’’ అన్నాడు. దానికి జవాబేముంది?

తర్వాత అన్న మాటే ఇప్పటికీ గుచ్చుకుంటోంది. ‘‘మీ నాన్న అసలుది కొండ మీదవాళ్లకి ఇచ్చేసి ఇది తెచ్చి పెట్టుకున్నాడేమో’’ అన్నాడు. మావోయిస్టులకి అని. ప్రతి ఎన్నికకీ గడువుకి ముందే జమ చేసి, ప్రతి రసీదూ తారీఖుల వారీగా దారానికి గుచ్చిన మనిషి మా నాన్న. చచ్చిపోయినవాడి మీద ఎంత మాటైనా అనొచ్చు, సంతకం పెట్టనక్కర్లేదు. నేను లేచి నిలబడ్డాను. కూర్చో అన్నారు. కూర్చున్నాను.

ఈలోగా సంత రోజు కావడంతో స్టేషను ముందు నుంచి పోయే ప్రతివాడూ తొంగి చూశాడు. సాయంత్రానికి మా ఊళ్లో నా దగ్గర మావోయిస్టుల తుపాకి దొరికింది. మర్నాటికి అవి రెండు అయ్యాయి. పాతపట్నం నుంచి మా మేనమామ ఫోన్ చేసి, ‘‘ఒరే, మూట పట్టుకున్నారట, నిజమేనా?’’ అన్నాడు. టెక్కలిలో మా అమ్మాయికి మాట్లాడుతున్న సంబంధం వాళ్లు, ‘‘వేరే పని మీద చేశాంలెండి’’ అని మొదలుపెట్టి, చివరికి ఆ పనేమిటో చెప్పకుండానే పెట్టేశారు. మా ఆవిడకి టెన్షన్‌తో నిద్ర లేదు.

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. లైసెన్సూ నంబరూ లేని నాటు తుపాకులు అటక మీద పెట్టుకున్నవాడు హాయిగా గంజి తాగి పడుకుంటాడు. వాడికి రెన్యువల్ లేదు, జమ లేదు, బెంచీ లేదు. కాగితం ఉన్నవాడే దొరుకుతాడు, ఎందుకంటే వాడి చిరునామా వాళ్ల దగ్గర ఉంటుంది.

రైఫిల్ మాల్‌ఖానాలోకి, అంటే స్టేషనులో పట్టుకున్న సరుకు దాచే గదిలోకి పోయింది. పోలీసుల ఆయుధాలు చూసే ఆర్మరర్ వచ్చి నంబరు దగ్గర గీకుడు లేదని రాశాడు. ఆ రాసిన కాగితం ఎక్కడికి పోయిందో చాలాకాలం ఎవరికీ తెలియలేదు. పై ఆఫీసుకి దరఖాస్తు నేనే ఒడియాలో రాశాను. అక్కడి గుమాస్తా దస్తూరీ చూసి ఎవరితో రాయించావని అడిగాడు. నేనే అన్నాను. నమ్మలేదు. అతని ముందే ఇంకో నాలుగు వాక్యాలు రాసి చూపించాను. మా బడిలో ఒడియాలో మొదటి మార్కు నాదే, తెలుగువాడికి రాదనుకుంటే అది వాళ్ల ఖర్మ.

పని తేల్చింది మాత్రం నా దస్తూరీ కాదు. నాన్నగారి ట్రంకు పెట్టెలో 1978 కొనుగోలు బిల్లు, పాత లైసెన్సు పుస్తకం జిరాక్సు దొరికాయి. బిల్లు మీద టైపులో స్పష్టంగా 4. జిరాక్సులో చేతిరాత, చూస్తే 8లాగే ఉంది. దాన్ని పై ఆఫీసులో కంప్యూటరు దగ్గర కూర్చునే ఒక అమ్మాయి చూసి, ‘‘ఇది ఆఠ కాదు సార్, చారి’’ అంది. ఎనిమిది కాదు, నాలుగు అని. ఒడియాలో నాలుగంకె ఇంచుమించు ఇంగ్లీషు ఎనిమిదిలా ఉంటుంది. అప్పటి గుమాస్తా ఎవరో మిగతా నంబరంతా ఇంగ్లీషులో రాసి, ఆఖరిది అలవాటుగా ఒడియాలో వేశాడు. లైసెన్సులన్నీ దేశమంతటికీ ఒకే డేటాబేసులోకి ఎక్కించి యూఐఎన్ అనే ప్రత్యేక నంబరు ఇచ్చినప్పుడు, ఎక్కించినవాడు 8 కొట్టాడు. ఇంత పెద్ద వ్యవస్థలో అది చూసి పట్టుకోవడానికి ఒక చిన్న పిల్ల కావలసి వచ్చింది. ఆ అమ్మాయికి నేను జీడిపప్పు పట్టుకెళ్తే తీసుకోలేదు. మిగతావాళ్లు తీసుకున్నారు.

సవరించిన కాగితంతో రైఫిల్ విడిపించి నేరుగా దుకాణానికి పోయాను. పెద్దాయన ఈసారి నంబరు చదివి, తల ఊపి, పని మొదలుపెట్టాడు. ముందు కర్ర విప్పి పక్కన పెట్టి, ఆ తర్వాతే వెనక కర్రలోని పొడుగు బోల్టు జోలికి వెళ్లాడు. ఎందుకలా అంటే చూపించాడు. ఆ బోల్టు కొస చదరంగా ఉండి ముందు కర్రలోని రేకులో ఇరుక్కుని ఉంటుంది. ముందు కర్ర ఉండగానే వెనక నుంచి స్క్రూడ్రైవరు పెట్టి తిప్పితే ఆ చదరం తిరిగి ముందు కర్రని చీల్చేస్తుంది. అంటే మా బావమరిది చెప్పిన ఉపాయం అక్షరాలా చేసి ఉంటే కదిలే కర్ర బదులు చీలిన కర్ర ఉండేది. గొట్టం మూతి ఏమీ అరగలేదట, తుప్పు, అంతే. దుర్బిణీ వద్దన్నాడు. తూటాని మూసే బోల్టు మీదా, అది కూర్చునే ఇనుప ఒంటి (రిసీవర్) మీదా ఒకే నంబరు ఉందో లేదో కూడా చూశాడు. ఈ జాతి రైఫిల్‌కి వేరే దాని బోల్టు వేస్తే తూటా వెనక ఖాళీ తేడా వస్తుంది, ముఖం పోతుంది అన్నాడు. బిల్లు నేను భయపడినంత రాలేదు.

మీ ఇంట్లో పాత తుపాకి ఉంటే ఇవాళే నంబరు తుడిచి చదవండి, పుస్తకంతో, పోర్టల్లో ఎక్కిన దానితో సరిచూడండి. కొన్న బిల్లు పారేయకండి. ఎన్నికలకి జమ చేసేటప్పుడు రసీదులో తుపాకి పరిస్థితి కూడా రాయమని అడగండి. రాయరు. అయినా అడగండి. మరమ్మతుకి ఇచ్చేటప్పుడు దుకాణం వాడి లైసెన్సులో అమ్మకం ఒక్కటే ఉందా, రిపేరు కూడా ఉందా చూడండి.

మా బావమరిది ఇప్పుడు వాడి ఎయిర్‌గన్ మీద పడ్డాడు. .177 బోరు (గొట్టం కన్నం సైజు), 20 జౌళ్ల లోపు శక్తి ఉన్నంతవరకు దానికి లైసెన్సు అక్కర్లేదు. వీడు ఎక్కడి నుంచో గట్టి స్ప్రింగు తెప్పించాడు. అది వేసి 20 దాటితే అదీ లైసెన్సు ఆయుధమే అవుతుందిరా అంటే, ‘‘ఎవడు కొలుస్తాడు బావా?’’ అన్నాడు. ఆ స్ప్రింగు తీసుకెళ్లి వాళ్ల అక్కకి అప్పగించాను. ఆవిడ ఎక్కడ పెట్టిందో నాకూ చెప్పలేదు.