ముందు జవాబు, తర్వాతే కోర్సు మాట

స్ప్రెడ్‌షీట్లు నేర్పే ఆన్‌లైన్ కోర్సు ఒకటి తయారుచేసి, అది నలుగురికీ తెలియాలన్న తొందరలో నేను ఒకే ప్రకటనను ఒకే సాయంత్రం ఏడు చర్చావేదికల్లో పెట్టాను. తెల్లవారేసరికి ఐదు చోట్ల నిర్వాహకులు దాన్ని తొలగించారు. ఒకచోట నా ఖాతానే నిలిపివేశారు. ఎంతో కష్టపడి చేసిన పాఠాలను ఎవరూ చూడనైనా చూడకుండా పక్కకు నెట్టేశారన్న బాధ కొన్నాళ్లు నన్ను వదలలేదు. అయితే ఆ వేదికల్లో రోజూ కూర్చుని ఇతరుల సందేహాలు తీర్చడం మొదలుపెట్టాక, న్యాయం వారి పక్షానే ఉందని నాకు స్పష్టమైంది.

నిర్వాహకుల ఈ జాగ్రత్త నిన్న మొన్నటిది కాదు. 1994 ఏప్రిల్‌లో అమెరికాకు చెందిన ఇద్దరు న్యాయవాదులు గ్రీన్ కార్డు లాటరీకి సంబంధించిన తమ సేవల ప్రకటనను, విషయంతో ఏమాత్రం పొంతన లేకున్నా, ఇంటర్నెట్ తొలినాళ్ల చర్చావేదిక అయిన యూజ్‌నెట్‌లోని వేలాది చర్చాబృందాల్లో కుమ్మరించారు. ఇష్టంగా మాట్లాడుకుంటున్న చోటికి ఎవరో వచ్చి అరిచి వెళ్లినట్టనిపించి సభ్యులు తీవ్రంగా ఆగ్రహించారు. నేటి వేదికల నియమాలు ఆ ఆగ్రహాన్ని గుర్తుంచుకుని చదివితే బాగా అర్థమవుతాయి. మన సొంత ఉత్పత్తిని ప్రస్తావిస్తే దానితో మనకున్న సంబంధాన్ని బయటపెట్టి తీరాలని ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల వేదిక స్టాక్ ఓవర్‌ఫ్లో అంటుంది. మనం పెట్టేవాటిలో సొంత సరుకు పదో వంతుకు మించకూడదన్న లెక్క రెడిట్‌లో చాలాకాలం చలామణీలో ఉంది. లింకులు ఎక్కువ చోట్ల కనిపిస్తే సెర్చ్‌లో పైకి వస్తామన్న ఆశతో పెట్టేవారూ ఉన్నారు; సభ్యులు పెట్టే లింకులకు ఓటు విలువ ఇవ్వవద్దని సెర్చ్ యంత్రాలకు చెప్పే ‘నోఫాలో’ గుర్తు 2005 నుంచే ఉంది కనుక ఆ శ్రమ చాలావరకు వృథాయే.

నా దృష్టిలో కోర్సుకు అసలైన ప్రచారం పూర్తి జవాబే. ఒకసారి ఒకాయన, తన అమ్మకాల పట్టికను తేదీలవారీగా అమర్చితే పదో తేదీ రెండో తేదీకంటే ముందు వస్తోందని, మూడు రోజులుగా తంటాలు పడుతున్నానని రాశారు. గడుల్లో ఉన్నవి తేదీలు కావనీ, తేదీల్లా కనిపించే అక్షరాలనీ నేను వివరించాను. ఎక్సెల్ నిజమైన తేదీని 1900 జనవరి 1 నుంచి లెక్కించిన సంఖ్యగా దాచుకుంటుంది. అక్షరాలుగా ఉన్నప్పుడు మాత్రం మొదటి అక్షరాన్ని బట్టి అమర్చుతుంది కనుక 10లోని 1 వెళ్లి 2కు ముందు కూర్చుంటుంది. అమరికను మనం మార్చకపోతే సంఖ్యలు గడిలో కుడివైపుకు, అక్షరాలు ఎడమవైపుకు జరిగి ఉంటాయి కాబట్టి చూడగానే గుర్తుపట్టవచ్చు. ఎక్సెల్‌లోని ‘టెక్స్ట్ టు కాలమ్స్’ అనే సాధనాన్ని తెరిచి, మూడో దశలో తేదీ అని ఎంచుకుని, రోజు, నెల, సంవత్సరం ఏ వరుసలో ఉన్నాయో చెబితే సరిపోతుంది.

ఆ జవాబులో నా కోర్సు పేరు లేదు. మిగతా సగం కోర్సులో ఉందంటూ ఊరించి వదిలేయడం, సందేహంతో వచ్చిన మనిషిని అవమానించడమేనని నా గట్టి నమ్మకం. పట్టిక సరైందని ఆయన చెప్పాక, అదే చర్చలో మరొకావిడ ఇలాంటివి వరుసగా ఎక్కడ నేర్చుకోవచ్చని అడిగారు. అప్పుడు రెండు ఉచిత మార్గాలు చెప్పి, మూడోదిగా నా కోర్సును చూపి, అది నేనే తయారుచేశాననీ, డబ్బు తీసుకుంటాననీ అదే వాక్యంలో రాశాను. దాన్ని ఎవరూ తొలగించలేదు.

ఏ వేదిక నుంచి ఎందరు వచ్చారో తెలుసుకోవడానికి లింకు చివర యూటీఎం గుర్తులు తగిలించవచ్చు. నేనూ తగిలిస్తాను గాని ఆ అంకెలనే పట్టుకుని కూర్చోను; జవాబు చదివి, నెలల తర్వాత పేరు గుర్తుచేసుకుని నేరుగా వచ్చేవారు ఆ లెక్కలో కనిపించరు.

ఇన్ని ప్రశ్నలు చదవడం వల్ల కోర్సు కూడా మారింది. ఒక విలువను పట్టికలో వెతికి దాని వరుసలోని వివరాన్ని తెచ్చే వీలుకప్ (VLOOKUP) సూత్రం తప్పు జవాబు ఇస్తోందన్న ఫిర్యాదు ఎన్నిసార్లు చూశానో చెప్పలేను. నాలుగో విలువ ఇవ్వకపోతే ఆ సూత్రం సరిగ్గా సరిపోయేది దొరక్కపోయినా దగ్గరిదాన్ని తెచ్చి పెడుతుంది; పట్టిక వరుసక్రమంలో లేకపోతే అది మరీ పక్కదారి పడుతుంది. నా కోర్సులో ఇది తొమ్మిదో పాఠం చివర ఒకే ఒక్క వాక్యంగా ఉండేది. ఇప్పుడు అది విడిగా ఒక పాఠం. తప్పు జవాబు వచ్చిన పట్టికతోనే మొదలవుతుంది.