కనుబొమ్మలతో ‘అవును’ చెప్పే ఊరు

అలాస్కాలోని యాంకరేజ్ నుంచి కాట్జెబ్యూ అనే ఊరికి జెట్ విమానంలో గంటన్నర. అక్కడి నుంచి చెల్లి ఉండే ఊరికి చిన్న సెస్నా విమానం. టికెట్ కౌంటర్ దగ్గర అమ్మాయి సామాను బరువుతో పాటు నా బరువు కూడా అడిగి రాసుకుంది. ఎవరు ఏ సీట్లో కూర్చోవాలో పైలట్ దాన్నిబట్టే చెబుతాడు. ఈ ప్రాంతంలో ఒక ఊరికీ ఇంకో ఊరికీ మధ్య రోడ్డు లేదు. వేసవిలో నది మీద పడవ, చలికాలంలో అదే నది గడ్డకట్టాక దాని మీద స్నోమెషిన్, ఎప్పుడైనా విమానం. మంచు మీద నడిచే మోటారు బండి అది. మనం స్నోమొబైల్ అనేదాన్ని అలాస్కాలో స్నోమెషిన్ అంటారు.

మార్చి ఆఖరి వారం అది. కింద కోబుక్ నది తెల్లటి పాములా మెలికలు తిరిగి ఉంది. దిగాక చూస్తే రన్‌వే పక్కన విమానాశ్రయం లాంటిదేమీ లేదు. నాలుగైదు స్నోమెషిన్లు, వాటి వెనక కట్టిన, మంచు మీద జారే చెక్క స్లెడ్లు, అంతే. బొచ్చు అంచు ఉన్న హుడ్‌లోంచి రెండు కళ్లు మాత్రమే కనబడుతున్న మనిషి ఒకరు దగ్గరికొచ్చి “అక్కా” అనేదాకా అది మా చెల్లి అని పోల్చుకోలేకపోయాను.

చెల్లి అంటే మా పిన్ని కూతురు. టెక్సాస్‌లో టీచర్ సర్టిఫికెట్ తెచ్చుకుని, మొదటి ఉద్యోగానికే ఆర్కిటిక్ సర్కిల్ దాకా వచ్చేసింది. ఇన్యుపియాక్ అనే అలాస్కా ఆదివాసీలు ఆరువందల మంది దాకా ఉండే ఊరు. మూడు, నాలుగు తరగతులు కలిపి ఒకే గది, పదిహేడు మంది పిల్లలు. ఊరి పేరు రాయను. బయటి నుంచి వచ్చిన టీచర్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే కాబట్టి ఇట్టే గుర్తుపట్టేస్తారు.

నేను ఊరికే చూడ్డానికి వెళ్లలేదు. సియాటిల్‌లో బయలుదేరే ముందు పిన్ని ఫోన్ చేసి, “నువ్వు చెబితే వింటుంది. ఒక్క ఏడాది చేసింది, చాలు. వచ్చెయ్యమను” అంది. చలి, చీకటి, ఒంటరితనం, డాక్టర్ కావాలంటే విమానం. పిన్ని టెన్షన్‌లో తప్పు లేదు. ఇంట్లో అడుగుపెట్టగానే ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద ఒక కాగితం కనబడింది. వచ్చే ఏడాది కాంట్రాక్ట్. సంతకం చేయాల్సిన చోటు ఖాళీగా ఉంది. ఆ సంగతి నేనూ ఎత్తలేదు, తనూ ఎత్తలేదు.

ఇళ్లన్నీ స్తంభాల మీద నిలబెట్టి ఉన్నాయి. నేల లోపల ఏడాది పొడుగునా గడ్డకట్టే ఉంటుంది కాబట్టి, ఇంటి వేడికి ఆ మంచు కరిగితే ఇల్లు కుంగిపోతుంది. నీళ్ల గొట్టాలు కూడా నేల మీదే, దళసరి కవచం తొడుక్కుని ఇంటింటికీ వెళుతుంటాయి. జనవరిలో చెల్లి ఇంటి గొట్టం గడ్డకట్టి పదకొండు రోజులు నీళ్లు రాలేదట. స్కూల్లో స్నానం చేసి, బిందెడు నీళ్లు స్లెడ్ మీద లాక్కొచ్చుకునేదట. ఇవన్నీ పిన్నికి చెప్పలేదు.

తెల్లారి ఆరున్నరకి లేచాం. బయట మైనస్ 24 ఫారన్‌హీట్, అంటే మైనస్ 31 సెల్సియస్. స్కూలు ఐదు నిమిషాల నడక, దానికి తయారవడానికి పది నిమిషాలు. ఊపిరి పీల్చగానే ముక్కు లోపలి వెంట్రుకలు బిరుసెక్కాయి. స్కూలు చేరేసరికి కనురెప్పల మీద తెల్లగా పేరుకుంది. “డిసెంబర్‌లో కంటే ఇది పండగ అక్కా, కనీసం వెలుతురుంది” అంది. డిసెంబర్ 21 ప్రాంతంలో ఇక్కడ సూర్యుడు రెండు గంటలు కూడా కనబడడు. చీకట్లో బడికి వెళ్లి, చీకట్లో ఇంటికి రావడమే. జూన్‌లో దానికి బదులు తీర్చినట్టు అసలు అస్తమించడు.

చిన్నపిల్లల నుంచి పన్నెండో తరగతి దాకా ఒకటే భవనం. పొద్దున టిఫిన్, మధ్యాహ్నం భోజనం అక్కడే. సాయంత్రమైతే ఊరంతా ఆ స్కూలు జిమ్‌లోనే బాస్కెట్‌బాల్ చూస్తుంది.

క్లాసులో వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నాను. చెల్లి లెక్క చెప్పి, “అర్థమైందా?” అని అడిగింది. ఒక్కరూ నోరు విప్పలేదు. చెల్లి మాత్రం తృప్తిగా తర్వాతి లెక్కకి వెళ్లిపోయింది. నాకేమీ అర్థం కాలేదు. రెండోసారి అడిగినప్పుడు ముందుకు జరిగి పిల్లల మొహాలు చూశాను. కనుబొమ్మలు ఒక్క క్షణం పైకి లేచి దిగాయి. కళ్లు కాస్త పెద్దవయ్యాయి. అదే ‘అవును’. కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి మాత్రం ముక్కు ముడిచింది. అది ‘లేదు’. చెల్లి ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని మళ్లీ చెప్పింది.

ఆగస్టులో వచ్చిన కొత్తల్లో ఈ సంగతి తనకి తెలియదు. ఎన్ని ప్రశ్నలు అడిగినా గదంతా మౌనం. పిల్లలకి తనంటే ఇష్టం లేదనుకుని ఆ వారం నాకు రోజూ ఫోన్ చేసి ఏడ్చేది. రెండు వారాల తర్వాత, క్లాసులో సాయంగా ఉండే ఊరి ఆవిడ నవ్వి, “వాళ్లు నీకు జవాబు చెబుతూనే ఉన్నారు, నువ్వే చూడటం లేదు” అందట. ఆ రోజు నుంచి బోర్డు వైపు తిరిగి ప్రశ్న అడగడం మానేసింది.

ఆ రోజు లెక్కలు కూడా నేనెరిగినవి కావు. ఇన్యుపియాక్ భాషలో లెక్క పదుల్లో కాదు, ఇరవైల్లో నడుస్తుంది. చేతివేళ్లు, కాలివేళ్లు కలిపితే ఇరవై. ఇరవైకి వాళ్ల మాటకి అర్థం దాదాపు ‘ఒక నిండు మనిషి’ అని. ఆ లెక్కని పదుల అంకెల్లో రాయడం కుదరడం లేదని, 1990ల మొదట్లో ఉత్తరాన కాక్టోవిక్ అనే ఊళ్లో స్కూలు పిల్లలే తమ టీచర్‌తో కూర్చుని కొత్త అంకెలు తయారుచేశారు. నిలువు గీతలు ఒకట్లు, వాటి మీద అడ్డగీతలు ఐదులు. సున్నాకి తమ భాషలో మాట లేదు కాబట్టి రెండు చేతులు తల పైన అడ్డంగా పెట్టినట్టు ఒక గుర్తు కనిపెట్టారు. 2022లో అవి యూనికోడ్‌లోకి, అంటే కంప్యూటర్లు అన్ని భాషల అక్షరాలకూ వాడే పట్టికలోకి కూడా చేరాయి. ఈ అంకెలతో కూడిక చేస్తుంటే కళ్లెదుట గీతలు గీతలతో కలిసిపోయి జవాబు దానంతటదే కనబడుతుంది. ముక్కు ముడిచిన అమ్మాయి ఆ పద్ధతిలో చకచకా నాలుగు లెక్కలు చేసి, తల ఎత్తకుండానే కాగితం నా వైపు తోసింది. నేను ఇంకా మొదటి లెక్క దగ్గరే ఉన్నాను.

గురువారం మధ్యాహ్నం తలుపు తెరుచుకోగానే పిల్లలంతా “తాతా! తాతా!” అని లేచారు. ఉలిక్కిపడి వెనక్కి తిరిగాను. ఇక్కడ తాతని తాత అనే అంటారు. అమ్మమ్మ, నానమ్మలు ‘ఆనా’. చెల్లి నా మొహం చూసి నవ్వింది. తనకీ మొదటి వారం ఇలాగే అయిందట. రెండు భాషలకీ చుట్టరికం ఏమీ లేదని తెలుసు. అయినా ఆ పిలుపు విన్నాక ఆ ఊరు నాకు అంత దూరమనిపించలేదు.

తాత వారానికోసారి వచ్చి కథలు చెబుతారు. ఆ రోజు పిల్లలు వెళ్లిపోయాక నాతో తన బడి కథ చెప్పారు. ఆయన చిన్నప్పుడు ఊళ్లో హైస్కూలు లేదు. పద్నాలుగేళ్లకి విమానం ఎక్కించి అలాస్కా ఆగ్నేయ కొసన సిట్కాలో ఉన్న హాస్టల్ బడికి పంపారు. వెయ్యి మైళ్లకు పైనే దూరం. శరత్కాలపు వేట, చలికాలపు చేపల పట్టు, నాన్న పక్కన ఉండి నేర్చుకోవాల్సినవన్నీ అలా దాటిపోయాయి. అంతకుముందు ఊరి బడిలో సొంత భాష మాట్లాడితే దెబ్బలు పడేవి. అందుకే తన పిల్లలకి భాష నేర్పలేదట. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతు బాగా తగ్గిపోయింది.

ఇలాంటి ఊళ్లకి హైస్కూళ్లు ఊరికే రాలేదు. ఎమ్మోనాక్ ఊరికి చెందిన, యూపిక్ అనే ఇంకో ఆదివాసీ జాతి అమ్మాయి మోలీ హూచ్ పేరుతో మొదలైన కేసు 1976లో ఒప్పందంతో ముగిశాక, 126 ఊళ్లలో హైస్కూళ్లు పెట్టడానికి రాష్ట్రం ఒప్పుకుంది. నేను కూర్చున్న ఆ గది వెనక ఇంత కథ ఉందని అంతవరకు నాకు తెలియదు.

వెళ్లబోతూ తాత కిటికీలోంచి ఆకాశం చూసి, “బాతులు మే నెలలో వస్తాయి. టీచర్లు మే నెలలో వెళ్లిపోతారు” అన్నారు. నిష్ఠూరంగా కాదు, వాతావరణం చెప్పినట్టు. చెల్లి డస్టర్ పట్టుకుని, ఎప్పుడో తుడిచేసిన బోర్డునే మళ్లీ తుడుస్తూ ఉండిపోయింది.

ఆ రాత్రి తనే చెప్పింది. మొదటి వారంలోనే ఒక బాబు “నువ్వెప్పుడు వెళ్లిపోతావు?” అని అడిగాడట. మూడేళ్లలో వాడికి ముగ్గురు టీచర్లు. నవంబర్ దాకా వాడు తనని పేరు పెట్టి పిలవలేదు. వెళ్లిపోయే మనిషి పేరు నేర్చుకోవడం ఎందుకు అనుకున్నాడేమో. ఎనిమిదేళ్ల పిల్లవాడు అలా జాగ్రత్తపడటం నేర్చుకున్నాడంటే, అందులో పెద్దవాళ్ల తప్పు చాలా ఉందని నాకనిపించింది. మనం ఊరికి మంచి టీచర్ కావాలంటాం. ఇక్కడ పిల్లలు ముందు అడుగుతున్నది ఆగస్టులో మళ్లీ కనబడే మొహాన్ని.

శనివారం తాత, క్లాసులో సాయంగా ఉండే ఆవిడ, కొందరు తల్లిదండ్రులు కలిసి పిల్లల్ని నది మీదికి చేపలకి తీసుకెళ్లారు. స్లెడ్‌లో రెయిన్‌డీర్ తోళ్ల మీద కూర్చున్నాను. తూక్ అనే పొడుగాటి గునపంతో మంచు పగలగొడుతుంటే ముందు తెల్లటి పొడి, తర్వాత నీలం ముక్కలు, చివరికి నల్లటి నీళ్లు గుప్పున పైకి ఉబికాయి. గంటసేపు కర్ర ముక్కకి కట్టిన గాలం పైకీ కిందికీ ఆడించాక, పేరు పెట్టి పిలవని ఆ బాబుకే షీఫిష్ పడింది. వాడి చేయంత పొడుగు. మంచు మీద నాలుగుసార్లు ఎగిరి, పక్కకి ఒరిగి, చూస్తుండగానే తోక బిగుసుకుపోయింది. వాడికి అదే మొదటి చేప. మొదటి చేప తమకి ఉంచుకోరు, పెద్దవాళ్లకి ఇచ్చేస్తారు. వాడు దాన్ని రెండు చేతులతో ఎత్తుకుని తూలుకుంటూ వెళ్లి, స్లెడ్ మీద కూర్చున్న ముసలి ఆనా ఒళ్లో పెట్టాడు. ఆవిడ “ఆరిగా!” అంది. బాగుంది అని అర్థం. సాయంత్రానికి ఆ చేపలో సగం చెల్లి ఇంటికి వచ్చింది. గడ్డకట్టిన చేపని పల్చగా కోసి, సీల్ అనే సముద్ర జంతువు కొవ్వు నూనెలో ముంచి ఎలా తినాలో ఆ బాబే మాకు చూపించాడు. నూనె వాసన ఘాటుగా ఉంది. రెండో ముక్క అడిగి తిన్నాను.

నేను సియాటిల్ నుంచి మోసుకెళ్లిన ద్రాక్షపళ్లు ఆఖరి రోజు క్లాసులో పంచాం. గ్యాలన్ పాలకే పది డాలర్లు దాటే ఊరు, తాజా పళ్ల సంగతి చెప్పక్కర్లేదు. ఒక్కొక్కరికి ఎనిమిది కాయలు వచ్చాయి. కొందరు రెండు తిని, మిగతావి టిష్యూ కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నారు, ఇంట్లో తమ్ముడికో చెల్లికో.

గాలి ఎక్కువై విమానం ఒక రోజు ఆగిపోయింది. మర్నాడు బయలుదేరేటప్పుడు చెల్లి నా కోటు జేబులో మడిచిన చీటీ పెట్టి, “పంపించాల్సినవి రాశాను” అంది. పిన్ని మాట నా నోటి దాకా వచ్చి ఆగిపోయింది. పైలట్ నా బరువు మళ్లీ అడిగాడు.

కాట్జెబ్యూలో తర్వాతి విమానానికి మూడు గంటలు ఉంది. చీటీ తీసి చూశాను. కందిపప్పు ఐదు కిలోలు, ఇంగువ, ఎండుమిర్చి. పదిహేడు పెన్సిల్ బాక్సులు. మూడో నంబర్ మంచు బూట్లు ఒక జత, దాని పక్కన ఆ బాబు పేరు. అడుగున గీత గీసి: “ఆగస్టు 10 లోపు నాకు చేరేలా పంపు అక్కా.”

దాన్ని ఫోటో తీసి పిన్నికి పంపించాను.